డబ్బాలో రెండు రంగుల మూతలు: ‘మందులు సరిగా వాడని’ ఒక పెద్దావిడ కేసు

ఆవిడకి 73 ఏళ్ళు. సొంతూరు కావలి దగ్గర పల్లె. భర్త పోయాక రెండేళ్ళ కిందట చెన్నై పెరంబూరులో ఉన్న కొడుకు ఇంటికి వచ్చారు. షుగర్ 19 ఏళ్ళుగా ఉంది, ఇన్సులిన్ ఆరేళ్ళుగా తీసుకుంటున్నారు. తెలుగు చదువుతారు. తమిళం వింటే సగం అర్థమవుతుంది, ఇంగ్లీషు రాదు. బరువు 54 కిలోలు. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ 1.3, ఈజీఎఫ్‌ఆర్ 43. షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 9.6. రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఎవరో గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాం.

ఆవిడ ఫైల్లో మూడు చోట్ల ఒకటే మాట ఉంది: మందులు సరిగా వాడటం లేదు. అదే ఫైల్లో నాలుగు నెలల వ్యవధిలో రెండుసార్లు లో షుగర్‌తో అత్యవసర విభాగానికి వచ్చినట్టు కూడా ఉంది. ఒకసారి 41, ఇంకోసారి 48. ఈ రెండు రాతలూ పక్కపక్కనే పెట్టుకుని చదివితే ఎక్కడో పొసగడం లేదని తెలుస్తుంది. మందు మానేసే మనిషికి షుగర్ పెరగాలి గానీ 41కి ఎందుకు పడుతుంది? హెచ్‌బీఏ1సీ రెండు మూడు నెలల సగటు మాత్రమే. 350, 45 మధ్య ఊగే మనిషికీ, రోజూ 230 దగ్గర నిలకడగా ఉండే మనిషికీ అది ఇంచుమించు ఒకటే అంకె చూపించగలదు. అందుకని మోతాదు పెంచే ముందు ఇంటికి వెళ్ళి చూడాలని డాక్టరు, డయాబెటిస్ నర్సు కలిసి నిర్ణయించారు. ఈ కేసులో సరైన మొదటి అడుగు అదే.

సంచి బోర్లించడం

“మందులు వేసుకుంటున్నారా?” అని అడిగితే మన పెద్దవాళ్ళలో చాలామంది వేసుకుంటున్నామనే అంటారు. ఈవిడా “వేసుకుంటానే ఉండా నాయనా” అన్నారు. ప్రశ్న మార్చి, “అమ్మా, పోయిన వారంలో ఎన్ని పూటలు వేసుకోవడం కుదర్లేదు? ఎవరికైనా అవుతుంది, తప్పేం లేదు” అంటే అసలు సంగతి బయటికొచ్చింది. రాత్రి మాత్ర చాలా రోజులు వేసుకోలేదు. రాత్రి సూది వారానికి రెండు మూడుసార్లు లేదు.

తర్వాత ఇంట్లో ఉన్న మందులన్నీ చాప మీద పోయించారు. బీరువాలోవి, ఫ్రిజ్‌లోవి, దేవుడి గూట్లోవి, ఊరి నుంచి తెచ్చిన చేతిసంచిలోవి, అన్నీ. ఏది వాడుతున్నారో ఏది వాడటం లేదో అప్పుడే అడగకూడదు, ముందు అన్నీ కళ్ళబడాలి. మూడు సంగతులు తేలాయి.

మొదటిది జంట మందు. కావలి డాక్టరు రాసిన షుగర్ మందులు గ్లిమిపిరైడ్ 2 ఎం.జి., మెట్‌ఫార్మిన్ 500 ఎం.జి. కలిపిన మాత్ర రోజుకు రెండు. చెన్నైలో రాసిన గ్లిమిపిరైడ్ 2 విడిగా ఒకటి, మెట్‌ఫార్మిన్ 500 విడిగా రెండు. కంపెనీలు వేరు, పేర్లు వేరు, రంగులు వేరు. రెండూ ఒకటే మందని ఇంట్లో ఎవరికీ తెలియదు. రెండు చీటీల్లో రాసినవన్నీ వేసుకుంటే రోజుకు గ్లిమిపిరైడ్ 6 ఎం.జి., మెట్‌ఫార్మిన్ 2000 ఎం.జి. పడతాయి. ఈజీఎఫ్‌ఆర్ 43 ఉన్న మనిషికి మెట్‌ఫార్మిన్ రోజుకు 1000 దాటించకపోవడం మంచిది. 30 కంటే తగ్గితే అసలు వాడకూడదు. గ్లిమిపిరైడ్ సంగతి మరీ ప్రమాదం. మూత్రపిండాలు మందగించిన పెద్దవాళ్ళలో దాని ప్రభావం తొందరగా దిగదు. పంచదార ఇచ్చాక తేరుకున్నట్టే కనిపించి, కొన్ని గంటలకి మళ్ళీ పడిపోతారు. మొదటిసారి అత్యవసర విభాగం నుంచి ఇంటికి పంపిన రాత్రి ఆవిడకి జరిగింది ఇదే.

రెండోది ‘భోజనం’ అనే మాట. మెట్‌ఫార్మిన్ కవరు మీద మందుల షాపతను తెలుగులోనే రాసిచ్చాడు, పాపం శ్రద్ధగా: రోజుకు రెండుసార్లు, భోజనం తర్వాత. కానీ ఆవిడ లెక్కలో భోజనమంటే మధ్యాహ్నం అన్నం. పొద్దున తినేది టిఫిను, రాత్రి తినే రెండు ఇడ్లీలు పలారం. రోజుకు ఒకటే భోజనం కాబట్టి ఒకటే మాత్ర వేసుకున్నారు. చెప్పింది చెప్పినట్టు చేసిన మనిషి ఫైల్లో ‘సరిగా వాడటం లేదు’ అని పడింది. మందు ఎప్పుడు వేసుకోవాలో చెప్పేటప్పుడు భోజనం, ఆహారం వంటి మాటలు వదిలేసి ‘పొద్దున ఇడ్లీ తిన్నాక’, ‘మధ్యాహ్నం అన్నం తిన్నాక’ అని చెప్పడం మేలు.

మూడోది స్టీలు డబ్బాలో దొరికింది.

రెండు సిరంజిలు, ఒకటే గీత

ఇన్సులిన్ సీసాలో వచ్చే 30/70 రకం (త్వరగా పనిచేసేది 30 వంతులు, నెమ్మదిగా పనిచేసేది 70 వంతులు కలిపింది), 10 ఎం.ఎల్., ఒక ఎం.ఎల్‌కి 40 యూనిట్లు. చీటీలో పొద్దున 24, రాత్రి 16. అంటే రోజుకు 40 యూనిట్లు, సీసాలో 400, పది రోజులకి ఒక సీసా అయిపోవాలి. షాపు బిల్లులు చూస్తే రెండు నెలల్లో కొన్నది మూడే. ఆరు ఉండాలి. సగం రోజులు సూది ఎగ్గొట్టారని అనుకోవడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదనిపిస్తుంది. అయితే వారానికి రెండు మూడు రాత్రులు మానేస్తే తేడా సగం రాదు.

స్టీలు డబ్బాలో వాడని సిరంజిలు తొమ్మిది ఉన్నాయి. ఆరింటికి నారింజ రంగు మూత, మూడింటికి ఎర్ర మూత. ఎర్ర మూతది 40 యూనిట్ల ఇన్సులిన్‌కి చేసింది. నారింజ మూతది 100 యూనిట్ల ఇన్సులిన్‌కి. షాపులో “ఇన్సులిన్ సిరంజి ఇవ్వండి” అంటే ఆ రోజు ఏది ఉంటే అది ఇచ్చారు. పొద్దునపూట సూదిమందు ఎక్కించేది కోడలు. చదువుకున్న అమ్మాయి, 24 గీత వరకే జాగ్రత్తగా లాగేది. ఏ సిరంజి చేతికొస్తే దాంట్లో.

రెండు సిరంజిల్లోనూ నీళ్ళు 24 గీత దాకా లాగించి ఇద్దరికీ పక్కపక్కన చూపించారు. ఎర్ర మూతదాంట్లో నీళ్ళు సగం దాటాయి. నారింజ దాంట్లో పావు దగ్గరే ఆగాయి. లెక్క ఇది: ఎర్ర మూత సిరంజిలో 24 గీత అంటే 0.6 ఎం.ఎల్., దాంట్లో 24 యూనిట్లు. నారింజ మూత సిరంజిలో అదే గీత 0.24 ఎం.ఎల్., 40 యూనిట్ల ఇన్సులిన్ అయితే అందులో ఉండేది 9.6 యూనిట్లు. ఒక రోజు 24, మర్నాడు 9.6, రాత్రి 16 లేదా 6.4. ఏ రోజు ఎంత పడిందో ఎవరికీ తెలియదు. కోడలు ఆ రెండు సిరంజిల వంక చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయింది. ఆ అమ్మాయి తప్పు ఇందులో ఏమీ లేదు, ఆ మాట అక్కడికక్కడే ఆమెతో గట్టిగా చెప్పారు. చెప్పి తీరాలి కూడా. లేకపోతే ఇంట్లో సూది పట్టుకునే ఆ ఒక్క చెయ్యీ భయంతో వెనక్కి తగ్గుతుంది.

ఇదే తిరగబడితే ఇంకా ఘోరం. ఇన్సులిన్ పెన్ను కాట్రిడ్జిలో, అంటే లోపలి మందు గొట్టంలో, మామూలుగా ఉండేది ఎం.ఎల్‌కి 100 యూనిట్ల ఇన్సులిన్. పెన్ను పాడైందని దాంట్లోంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత లాగితే 0.5 ఎం.ఎల్., అంటే 50 యూనిట్లు లోపలికి పోతాయి. కాట్రిడ్జిలోంచి సిరంజితో లాగడం ఎప్పుడూ వద్దు.

తప్పు తెలిసిన రోజున అసలు ప్రమాదం మొదలవుతుంది. సిరంజి సరిచేసి, చీటీలో ఉన్న మోతాదు అలాగే ఉంచితే, ఎక్కువ రోజులు 9.6 యూనిట్లకి అలవాటుపడ్డ ఒంటికి ఒక్కసారిగా రోజూ 24 పడతాయి. రెండున్నర రెట్లు. సిరంజి సరిచేసిన రోజే డాక్టరు మోతాదునీ మళ్ళీ లెక్కించాలి. ఫోన్లో “ఇకనుంచి ఎర్ర మూతదే వాడండి” అని చెప్పి ఊరుకోకూడదు.

ఏడున్నర సూది, పదింటి టిఫిను

30/70 సాధారణ ఇన్సులిన్ తినడానికి అరగంట ముందు వేసుకోవాలి. కోడలు ఉద్యోగానికి ఏడూ ముప్పావుకి బయల్దేరాలి కాబట్టి ఏడున్నరకి సూది వేసేది. ఆవిడ స్నానం, పూజ, విష్ణు సహస్రనామం అయ్యి టిఫిను ముందు కూర్చునేసరికి పది. రెండున్నర గంటలు ఖాళీ కడుపు, పైన గ్లిమిపిరైడ్. తొమ్మిదిన్నర నుంచి కాళ్ళు తేలిపోవడం, మాట తడబడటం. రాత్రి దీనికి తలకిందులు. ఎనిమిదికే ఇడ్లీ తినేసేవారు. కొడుకు తొమ్మిదిన్నరకి వచ్చి సూది వేసేవాడు. తిన్న గంటన్నరకి ఇన్సులిన్ వేసి పడుకోబెడితే అర్ధరాత్రి షుగర్ పడిపోతుంది. రెండుసార్లు అలా చెమటలతో లేచాక ఆవిడ కొడుకుతో “నేనే వేసుకున్నాలే” అని చెప్పడం మొదలుపెట్టారు. ఎగ్గొట్టిన రాత్రి సూదుల వెనకున్నది భయం. నిజంగా జరిగినదాన్ని చూసి పుట్టిన భయం. దాన్ని మొండితనమని రాయడం అన్యాయం.

“అత్తయ్య తలగడ కింద చిక్కీలు దాచుకుని తింటున్నారండీ” అని కోడలి ఫిర్యాదు. నిజమే, వేరుశనగ చిక్కీ పొట్లం దొరికింది. ఎప్పుడు తింటారని అడిగితే, “కాళ్ళు వణికితే తింటా” అన్నారు. తన లో షుగర్‌కి తనే వైద్యం చేసుకుంటున్నారు. కాకపోతే పనిచెయ్యని మందుతో. చిక్కీలో వేరుశనగ నూనె వల్ల తీపి రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. అది ఎక్కేలోపు ఇంకో రెండు తింటారు, మధ్యాహ్నానికి 320. చిక్కీ స్థానంలో గట్టి మూతున్న డబ్బాలో పంచదార, చెంచా పెట్టించారు. 70 కంటే తక్కువ ఉన్నా, పరీక్ష చేసే వీల్లేక వణుకు మాత్రమే ఉన్నా, అరగ్లాసు నీళ్ళలో మూడు చెంచాలు, అంటే ఇంచుమించు 15 గ్రాములు. పదిహేను నిమిషాలాగి మళ్ళీ చూడాలి, పెరగకపోతే మళ్ళీ అంతే. తేరుకున్నాక టిఫినో అన్నమో తినాలి. స్పృహ లేని మనిషి నోట్లో ఏమీ పొయ్యకుండా 108కి ఫోన్ చెయ్యాలి.

పెద్దవాళ్ళలో లో షుగర్ ఎప్పుడూ వణుకూ చెమటా రూపంలోనే రాదు. ఊరికే మాట్లాడకుండా కూర్చోవడం, పేరు మర్చిపోవడం, తూలడం, పక్షవాతమేమో అనిపించడం. ఇలాంటి మార్పు కనిపిస్తే ముందు వేలి చివర చుక్క రక్తం చూడమని కొడుకుకి నేర్పించారు.

ఏం మార్చారు

ముందు లక్ష్యం. కొడుకు నెట్‌లో చదివి హెచ్‌బీఏ1సీని 6.5కి తేవాలన్నాడు. అతని తాపత్రయం అర్థం చేసుకోదగ్గదే. కానీ 2008లో అకార్డ్ అనే పెద్ద వైద్య పరిశోధనలో హెచ్‌బీఏ1సీని 6 కంటే కిందికి తేవాలని గట్టిగా ప్రయత్నించిన వర్గంలోనే ఎక్కువమంది చనిపోయారు, ఆ భాగాన్ని మధ్యలో ఆపేయాల్సి వచ్చింది. చాలా జబ్బులు, లో షుగర్ చరిత్ర ఉన్న పెద్దవాళ్ళకి 8 లోపు చాలన్నది అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ మాట. ఈవిడకీ అదే పెట్టారు. పరగడుపున 90 నుంచి 150.

గ్లిమిపిరైడ్ పూర్తిగా ఆపారు. రెండు పూటల 30/70 ఆపి, పొద్దున ఒక్కసారి గ్లార్జిన్ అనే, రోజంతా నిదానంగా పనిచేసే ఇన్సులిన్ పెన్ను. ఇది తిండితో ముడిపడిన ఇన్సులిన్ కాదు. కోడలు ఏడున్నరకి వేసి వెళ్ళిపోవచ్చు, ఆవిడ పదింటికి తినొచ్చు. ఇంటి పొద్దును మందుకోసం తిప్పే బదులు పొద్దుకి సరిపోయే మందు వెతికారు. మొదటి మోతాదు 8 యూనిట్లే, కిలోకి 0.15 చొప్పున. తక్కువతో మొదలుపెట్టడానికి ఇంకో కారణం, బొడ్డుకి ఎడమపక్క నిమ్మకాయంత గడ్డ. ఏళ్ళ తరబడి అక్కడే పొడవడం వల్ల కొవ్వు గట్టిపడింది. నొప్పి తెలియదని ఆవిడకి ఆ చోటే ఇష్టం. అలాంటి చోట ఇన్సులిన్ ఒకరోజు పీల్చుకుంటుంది, ఒకరోజు పీల్చుకోదు. మంచి చోటుకి మారితే అదే మోతాదు ఎక్కువగా పనిచేస్తుంది.

పెన్ను పద్ధతి కోడలికి రెండుసార్లు చేసి చూపించి, మూడోసారి ఆమె చేత చేయించారు. ప్రతిసారీ కొత్త 4 ఎం.ఎం. సూది. ముందు 2 యూనిట్లు గాల్లోకి వదిలి చుక్క రావడం చూడాలి. పొట్టని నాలుగు భాగాలనుకుని వారానికొక భాగం, నిన్నటి చోటుకి వేలెడు దూరం, గడ్డ జోలికి పోకూడదు. బొత్తాం పూర్తిగా నొక్కాక పది లెక్కపెట్టి తియ్యాలి, లేకపోతే మందు చర్మం మీద కారిపోతుంది. వాడాక సూది పెన్నుకి వదిలెయ్యకూడదు. పెన్నుని గ్యాసు పొయ్యి పక్క అలమరలో పెట్టారు, అక్కణ్ణించి తీయించారు. వాడుతున్న పెన్ను 30 డిగ్రీల లోపు ఉంచి, 28 రోజుల్లో వాడేయాలి. మే నెల అగ్నినక్షత్రం ఎండల రోజుల్లో పెరంబూరు ఇళ్ళలో ఆ చల్లదనం ఎక్కడుంటుంది? ఇన్సులిన్‌ని నీళ్ళ మట్టికుండ చల్లదనంలో ఉంచే ఉపాయం రాయలసీమ పొడి ఎండలో పనిచేసినంతగా చెన్నై ఉక్కలో పనిచెయ్యదు, గాలిలో తేమ ఎక్కువైతే కుండ చల్లబడదు. ఫ్రిజ్ తలుపు అరలో పెట్టి, వేసే అరగంట ముందు తీయడమే ఇక్కడ దారి. ఫ్రీజర్‌కి ఆనుకునే చోట మాత్రం పెట్టకూడదు, గడ్డకట్టిన ఇన్సులిన్ పారేయాల్సిందే.

మాత్రలు రోజుకు తొమ్మిది ఉండేవి, నాలుగయ్యాయి. ఏడున్నరకి సూదితోపాటే షుగర్‌కి లినాగ్లిప్టిన్ 5 ఎం.జి., బీపీకి టెల్మిసార్టాన్, కొలెస్ట్రాల్‌కి అటోర్వాస్టాటిన్. లినాగ్లిప్టిన్‌కి మూత్రపిండాల కోసం మోతాదు తగ్గించనక్కర్లేదు, తిండితో పనిలేదు, తనంతట తాను లో షుగర్ తెచ్చేది చాలా అరుదు. అటోర్వాస్టాటిన్ రాత్రే వేసుకోవాలన్న నియమం లేదు. మధ్యాహ్నం అన్నం తిన్నాక మెట్‌ఫార్మిన్ ఎస్‌ఆర్ (మందు మెల్లమెల్లగా వదిలే రకం) 500 ఒక్కటి. ఎస్‌ఆర్ మాత్రని నూరకూడదు, నమలకూడదు. ఈవిడ దంచి తేనెలో వేసుకునేవారు, మింగుడు పడక. చిన్న సైజు మాత్ర దొరికే కంపెనీది రాశారు. కాల్షియం ఎందుకు మొదలైందో ఏ కాగితంలోనూ లేదు, అదీ ఆపారు.

వారం డబ్బా మీద ఇంగ్లీషు అక్షరాలుంటే ఆవిడకి ఎందుకూ పనికిరాదు. ఆ, సో, మం, బు, గు, శు, శ అని పెద్దగా రాసి అంటించారు. మాత్రలు రేకులోంచి తియ్యకుండా, ఒక్కో మాత్ర చుట్టూ కత్తిరించి వేశారు. ఉక్కకి మెత్తబడవు. షీటుకి పేరూ గడువు తేదీ ఉన్న కొసని చివరిదాకా ఉంచాలి, అందరూ ముందు అటే కత్తిరిస్తారు.

వారానికి మూడు పరగడుపు పరీక్షలు, సోమ, గురు, శని. చేతులు సబ్బుతో కడిగి తుడుచుకున్నాకే. ప్రసాదం అరటిపండు వలిచిన వేలితో చేస్తే ఉత్తుత్తి 280 వస్తుంది. వారంలో సగం లేదా అంతకుమించి అంకెలు 150 దాటితే 2 యూనిట్లు పెంచాలి, 80 కంటే కిందికి ఏ ఒక్కటి దిగినా 2 తగ్గించి ఫోన్ చెయ్యాలి. ఇది ఈవిడ కోసం డాక్టరు రాసిచ్చిన లెక్క, ఇంకొకరి మోతాదు వాళ్ళ డాక్టరే చెప్పాలి. ఏడో వారానికి 14 యూనిట్ల దగ్గర నిలిచింది.

శనివారం ఒక్కపొద్దు

వెంకటేశ్వరస్వామికి నలభై ఏళ్ళుగా చేస్తున్న ఒక్కపొద్దు మానమంటే ఆవిడ మానరు, చెప్పకుండా చేస్తారు. పాత పద్ధతిలో శనివారం సూది మానేసి, మాత్రలు మాత్రం ‘ఒకవేళ పెరుగుతుందేమో’నని వేసుకునేవారు. ఆ రెండు అత్యవసర రాకల్లో ఒకటి శనివారమే. కొత్త పద్ధతిలో శనివారం ప్రత్యేకంగా మార్చేది తక్కువ. పొద్దున సూది యథాప్రకారం, మధ్యాహ్నం అన్నంతో మెట్‌ఫార్మిన్. శనివారం పరగడుపు అంకె 100 లోపు ఉంటే ఆ వారం టిఫిను తినాల్సిందే. మధ్యలో 70 లోపుకి పడినా, 300 దాటినా ఒక్కపొద్దు అక్కడితో ఆపాలి. “స్వామి ఒప్పుకుంటాడా?” అని అడిగారు. ఆ మాట డాక్టరుతో కంటే గుడి అయ్యవారితో చెప్పించడమే మంచిదని కొడుకుకి తోచింది, అదే పనిచేసింది.

రెండో నెల్లో దెబ్బతిన్నది

తొమ్మిదో వారంలో పరగడుపున 62. అంతకుముందు నెలంతా ఒక్కసారీ 95 కిందికి దిగలేదు. మళ్ళీ సంచి బోర్లిస్తే కావలి జంట మాత్రల పెట్టె దొరికింది. పెళ్ళికి వచ్చిన తమ్ముడు అక్క మీద ప్రేమతో మూడు నెలలకి సరిపడా కొనితెచ్చాడు. ఇంటికొచ్చిన మందు వృథా ఎందుకని ఆవిడ రోజుకొకటి వేసుకున్నారు. వాడాల్సినవాటి పట్టీ ఇచ్చారు గానీ ఆపేసినవాటి పట్టీ ఇవ్వకపోవడం వైద్యబృందం వైపు లోపం. పాత షీట్లు మొదటి రోజే ఇంట్లోంచి పంపించేసి ఉండాల్సింది. ఇప్పుడు ఫ్రిజ్ మీద రెండో కాగితం ఉంది. పాత షీటు ముక్క అంటించి, దానిమీద ఎర్ర గీత కొట్టి, ‘ఇది వద్దు’ అని తెలుగులో. అదే కాగితం ఫోటో తమ్ముడికీ కావలి డాక్టరుకీ వెళ్ళింది.

మూడు నెలలకి హెచ్‌బీఏ1సీ 8.2, ఆరు నెలలకి 7.7. ఆ 62 తర్వాత 70 కిందికి ఒక్క అంకె లేదు. ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడితే బీ12 విటమిన్ తగ్గొచ్చు కాబట్టి అదీ చూశారు, తక్కువగా ఉండటంతో ఇంజెక్షన్లు మొదలయ్యాయి. అరికాళ్ళ తిమ్మిరిలో దాని వాటా ఎంతో ఇంకొన్నాళ్ళకి గానీ తెలియదు. బీపీ, షుగర్ మాత్రలు నెలనెలా ఇంటికి తెచ్చి ఇచ్చే తమిళనాడు ప్రభుత్వ పథకం ‘మక్కళై తేడి మరుత్తువం’ 2021 నుంచి నడుస్తోంది. దాంట్లో చేర్చే ముందు కొడుకుకి ఒక్క జాగ్రత్త చెప్పారు: ఇంటికొచ్చే మాత్రల్లో గ్లిమిపిరైడ్ ఉందేమో ప్రతి నెలా ఎర్ర గీత కాగితంతో పోల్చి చూడాలి.

సాయంత్రం నడక ఇంకా కుదరలేదు. మేడ మెట్లు దిగడానికి ఆవిడకి చూపు చాలడం లేదు. కుడి కంటికి శుక్లాల ఆపరేషన్ వచ్చే నెల. ఆ వారం కోడలు సెలవు పెడుతోంది.